స్నేహితుల స్టేటస్‌లు చూస్తే గుండెల్లో దడ.. ఇది జబ్బేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26 ఏళ్లు. విడవలూరు దగ్గర మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. బీటెక్ అయ్యాక రాత్రిపూట కాపలా నేనే ఉంటున్నాను. నాతో చదివినవాళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. రాత్రంతా వాళ్ల ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలు, వాట్సాప్ స్టేటస్‌లు చూస్తుంటాను. చూడకపోతే ఏదో పోగొట్టుకుంటున్నానని కంగారు, చూస్తే గుండెల్లో దడ. సంక్రాంతికి వచ్చిన మా బ్యాచ్ నాకు చెప్పకుండా మైపాడు బీచ్‌కు వెళ్లింది. ఆ సంగతి స్టోరీ చూశాకే తెలిసింది. అప్పటి నుంచి నిద్ర సరిగా పట్టడం లేదు, ఇంట్లో అందరినీ విసుక్కుంటున్నాను. యాప్‌లు తీసేస్తాను, రెండు రోజులకే మళ్లీ వేసుకుంటాను. ఇది మానసిక జబ్బా? మందులు వాడాలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: పదిమందీ సంతోషంగా ఉన్నచోట తాను లేకుండా పోతున్నానన్న ఈ ఆందోళననే ఇప్పుడు ‘ఫోమో’ అంటున్నారు. వైద్యులు రోగనిర్ధారణకు ప్రామాణికంగా తీసుకునే జాబితాల్లో దీన్ని విడిగా ఒక జబ్బుగా చేర్చలేదు కాబట్టి దీనికంటూ ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. అయితే ఈ ఆందోళన నిద్రను చెడగొట్టి, ఆ నిద్రలేమి కుంగుబాటుకు దారితీస్తే మాత్రం చికిత్స తప్పదు.

ముందుగా మైపాడు సంగతి చెబుతాను. స్నేహితులు పిలవకుండా వెళ్లారని మనసు కష్టపెట్టుకోవడం జబ్బు కాదు, అది ఎవరికైనా కలిగే బాధే. మీరు గుంటలు వదిలి రాలేరని వాళ్లంతట వాళ్లే అనుకుని ఉండవచ్చు, లేదా నిజంగానే మరచిపోయి ఉండవచ్చు. ఆ పది సెకన్ల వీడియోను ఎన్నిసార్లు తిప్పి చూసినా అసలు కారణం అందులో దొరకదు. వాళ్లలో మీకు బాగా దగ్గరైన ఒకరికి ఫోన్ చేసి, నిష్ఠూరంగా కాకుండా, “నన్నూ పిలిచి ఉంటే ఒక పూట ఎలాగో వీలు చేసుకునేవాణ్ని” అని చెప్పండి.

ఇక మీ రాత్రుల విషయం. తెల్లవారుజామున గుంటల్లో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి, అంటే ఆ వేళకు మీరు మెలకువగా ఉండక తప్పదు. శరీరం నిద్ర కోరే సమయంలో, మాట్లాడే తోడు లేని షెడ్డులో కూర్చుని, ఇతరుల జీవితాల్లోని ఏరి పెట్టిన ఘడియలను మీ రోజు మొత్తంతో పోల్చుకుంటున్నారు. తన స్థితిని పక్కవారితో పోల్చి బేరీజు వేసుకోవడం మనిషి స్వభావమని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే వివరించారు. అప్పట్లో ఆ పోలిక ఎదురుగా కనిపించే కొద్దిమందితోనే జరిగేది. ఇప్పుడు 24 గంటల్లో మాయమయ్యే స్టోరీ, ఈలోగా చూడకపోతే పోతుందన్న తొందరను కూడా దానికి జత చేసింది. విహారయాత్ర ఫొటోలు పెట్టేవాళ్లు అప్పుల వాయిదాల గురించి స్టేటస్ పెట్టరు కదా!

యాప్‌లు పూర్తిగా తీసేయమని నేను చెప్పను, మీకది నిలవలేదని మీరే రాశారు. 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 143 మంది విద్యార్థులపై జరిపిన ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. అందులో కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కొక్కటి రోజుకు 10 నిమిషాలకే పరిమితం చేసి మూడు వారాలు వాడగా వారిలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది మరొకటి. ఏ పరిమితీ పెట్టకుండా, వాడకం వివరాలను మాత్రం నమోదు చేయించిన రెండో బృందంలో కూడా ఆందోళన, ఈ ఫోమో తగ్గాయి. ఎంతసేపు చూస్తున్నామో గమనించుకోవడమే కొంత మేలు చేస్తుందన్నమాట. మేత లెక్కలు రాసే పుస్తకం మీ షెడ్డులో ఉండే ఉంటుంది. అందులోనే ఒక గడి గీసి, ఏ వేళకు ఫోన్ తెరిచారో, ఎంతసేపు చూశారో, మూసేసరికి మనసు ఎలా ఉందో ఒక్క ముక్కలో రాయండి. కరెంటు పోతే ఇంటికో, పనివాళ్లకో చెప్పాలి కాబట్టి మీరు ఫోన్ కట్టేయలేరు. అందువల్ల కాల్స్ మాత్రం వచ్చేలా ఉంచి, ఆ రెండు యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి, బాధపెట్టే స్టేటస్‌లను మ్యూట్ చేయండి. స్టోరీలు పగటిపూట, ఒక పది నిమిషాలు చూస్తే చాలు. అమెరికాలో ఉన్న స్నేహితులకు మీ అర్ధరాత్రి పట్టపగలే. వాళ్ల ఫొటోలు చూస్తూ కూర్చునే బదులు ఒకరితో ఫోన్‌లో మాట్లాడండి.

వీలైతే ఇంట్లోవాళ్లతో వంతులు వేసుకుని కొన్ని రాత్రులైనా ఇంట్లో పడుకోండి. కాపలా ఉన్న మరుసటి ఉదయం చీకటి గదిలో, ఫోన్ దూరంగా పెట్టి, ఏడు గంటల పాటు నిద్రపోవాలి. తెల్లవారుజామున టీలు మానండి.

దడ అంతా మనసు వల్లనే అని తీర్మానించుకోవద్దు. నిద్రలేమి, టీలు, థైరాయిడ్ సమస్య, రక్తహీనత కూడా దడ పుట్టిస్తాయి. కాబట్టి ఒకసారి వైద్యుడికి చూపించుకుని ఆ రక్తపరీక్షలు, ఈసీజీ చేయించుకోండి. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండడం, ఇష్టమైన పనులపైనా ఆసక్తి పోవడం, ఆకలి తగ్గడం, తాను ఎందుకూ పనికిరాననిపించడం వంటివి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవాలి. మాటల ద్వారా చేసే చికిత్సతోనే చాలామంది కోలుకుంటారు, అవసరమైతేనే మందులు ఇస్తారు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం కొనుక్కోకండి. నీళ్ల పక్కన, కరెంటు మోటార్ల మధ్య రాత్రిపూట తిరిగే మీకు ఆ మత్తు ప్రాణాంతకం కావచ్చు.