ఎమర్జెన్సీలో చేరుతున్న చిట్టికి, పెద్దమ్మ రాసేది

చిట్టీ,

నీకు ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుగా పోస్టింగ్ వచ్చిందని, వార్డు ఇస్తామన్నా వద్దని నువ్వే అడిగి మరీ తీసుకున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. విన్నప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, ఫోన్ పెట్టేశాక మాత్రం గుండె దడ మొదలైంది, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. నా సర్వీసంతా క్యాజువాలిటీలోనే గడిచింది కదా, అక్కడ ఎలా ఉంటుందో తెలుసు, తెలుసు కాబట్టే ఈ భయం. ఫోన్‌లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అంటావు, పెట్టేశాక ఒక్క ముక్క గుర్తుండదు నీకు. అందుకే టైప్ చేస్తున్నా, కుదురుగా కూర్చుని రెండుసార్లు చదువు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. పేషెంట్ రాగానే ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్, ఆ వరసలోనే చూడు. గ్లవ్స్ మర్చిపోకు. డ్యూటీ ఎక్కగానే క్రాష్ కార్ట్, అదే అత్యవసర మందులూ సామాన్లూ ఉండే బండి, నీ చేత్తో నువ్వే తెరిచి చూసుకో, గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతుందా, సక్షన్ లాగుతుందా అని. డాక్టర్ గారు నోటితో ఆర్డర్ చెప్తే మందు పేరు, డోసు తిరిగి పైకి చెప్పి అప్పుడే ఇవ్వు. ఇవన్నీ కాలేజీలో నేర్పే ఉంటారు, నేను చెప్పాలనుకున్నది వేరే.

అరిచేవాళ్ళ గురించి, రక్తం కారుతూ వచ్చేవాళ్ళ గురించి నాకు పెద్ద బెంగ లేదు, వాళ్ళ దగ్గరికి అందరూ పరిగెత్తుతారు, నువ్వు వెళ్ళకపోయినా ఇంకొకరు వెళ్తారు. నా భయమంతా మూల బెడ్ మీద చప్పుడు చెయ్యకుండా పడుకున్నవాళ్ళ గురించి, ఇందాకే కాస్త తేరుకుని "పర్లేదు సిస్టర్, ఇప్పుడు బానే ఉంది" అన్నవాళ్ళ గురించి. ఆ మాట చెవిన పడగానే మన చూపు పక్క బెడ్ మీదకి పోతుంది. నేను చూసినవాటిలో చాలా ప్రాణాలు అలా చూపు పక్కకి పోయినప్పుడే పోయాయి.

ఒక కేసు చెప్తా విను. అప్పటికి నేను చేరి ఎక్కువ కాలం కాలేదు. మార్నింగ్ డ్యూటీకి వెళ్ళేసరికి ఒక పెద్దాయన్ని స్ట్రెచర్ మీద తోసుకొస్తున్నారు. ఒళ్ళంతా చెమట, చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది, పిలిస్తే పలకడు, కుడి చెయ్యి కదపడు. చూసినవాళ్ళంతా పక్షవాతం అన్నారు. వెంట వచ్చిన కోడలు ఏడుస్తూ "రాత్రి కూడా ఇక్కడికే తెచ్చామండీ, బాగయిందని మీరే పంపించేశారు" అంది. పరిగెత్తి రాత్రి కేస్ షీట్ వెతికి తీశాను. స్పృహ లేదు, షుగర్ 34, 25 శాతం డెక్స్ట్రోజ్ 100 ఎంఎల్ ఐవీ ఇచ్చాం, స్పృహ వచ్చింది, మాట్లాడుతున్నారు, షుగర్ 168, ఇంటికి పంపాం. అంతే రాసుంది. చదివితే తప్పు కనపడదు చూడు. షుగర్ పడిపోయిందని వెంటనే కనిపెట్టారు, మందు సరైనదే, డోసూ సరైనదే, 25 గ్రాముల గ్లూకోజ్ ఒంట్లో పడగానే మనిషి లేచి కూర్చుని, నన్నెందుకు ఇక్కడికి తెచ్చారని కోడలి మీద కోప్పడ్డాడట కూడా. ఆ సందడిలో అందరికీ సంతోషం వేసి ఉంటుంది, పైగా ఆ రాత్రి బెడ్లు ఖాళీ లేవు.

ఆయన ఏ బిళ్ళ వేసుకుంటున్నాడో మాత్రం షీట్‌లో ఎక్కడా లేదు. కోడలి సంచిలో స్ట్రిప్ ఉంది, రాత్రి వచ్చినప్పుడూ ఉంది, అడిగినవాళ్ళు లేరు. గ్లిబెన్‌క్లమైడ్, షుగర్ తగ్గించే బిళ్ళ. పాదాలు చూస్తే వేలితో నొక్కిన చోట గుంట పడుతోంది, కిడ్నీలు దెబ్బతిని చాలా కాలమైందని పాత కాగితాల్లో ఉంది. ఆ బిళ్ళ, దాని వరసలోదే ఇప్పుడు ఎక్కువగా వాడే గ్లిమిపిరైడ్, ఇవి షుగర్ ఎంతున్నా చూసుకోవు, ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటాయి. కిడ్నీ సరిగ్గా లేకపోతే మందు ఒంట్లోంచి త్వరగా పోదు. మనం ఎక్కించిన డెక్స్ట్రోజ్ కాసేపట్లో అయిపోతుంది, బిళ్ళ పని మాత్రం గంటలకొద్దీ నడుస్తూనే ఉంటుంది, ఇంకా చెప్పాలంటే ఆ డెక్స్ట్రోజ్‌తో షుగర్ పైకి లేచేసరికి ఇన్సులిన్ ఇంకాస్త బయటికొస్తుంది. అందుకే ఇలాంటివాళ్ళని ఒక రోజంతా అడ్మిట్ చేసి, డెక్స్ట్రోజ్ డ్రిప్ పెట్టి, గంట గంటకీ షుగర్ చూసుకోవాలి. షుగర్ ఊరికే పడిపోతూ ఉంటే ఆక్ట్రియోటైడ్ అనే మందు ఇస్తారు, ఇన్సులిన్ రాకుండా ఆపడానికి.

పొద్దున మేము చూసినప్పుడు ఆయన షుగర్ 22. మళ్ళీ డెక్స్ట్రోజ్ ఎక్కిస్తే ఆ కదలని కుడి చెయ్యి కదిలింది, అంటే అది పక్షవాతం కాదు, షుగర్ పడిపోతే అచ్చం అలాగే కనపడుతుంది. కానీ తెల్లవార్లూ మెదడుకి గ్లూకోజ్ అందలేదు కదా. రెండు రోజులకి కళ్ళు తెరిచాడు, కోడలిని చూసి "ఎవరమ్మా నువ్వు" అన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా అలాగే అడుగుతూనే ఉన్నాడు, ఆ అమ్మాయి ప్రతిసారీ ఓపిగ్గా చెప్తూనే ఉంది.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, పని రానివాళ్ళు అసలే కాదు, అందుకే నాకు అది ఇప్పటికీ వణుకు పుట్టిస్తుంది. ఆ తర్వాత మా ఇంచార్జి సిస్టర్ షుగర్ తగ్గిన ప్రతి కేస్ షీట్ మీద ఎర్ర పెన్నుతో రాయించేది, ఏ బిళ్ళ, ఎప్పుడు వేసుకున్నారు, కిడ్నీ ఎలా ఉంది, తిన్నారా అని. నువ్వూ అడుగు. స్ట్రిప్ కళ్ళతో చూడు, "షుగర్ బిళ్ళ" అని చెప్తే సరిపోదు. ఇంకో సంగతి, షుగర్ చూసే ముందు పేషెంట్ వేలు నీళ్ళతో కడిగి ఆరనివ్వు. ఇంట్లోవాళ్ళు కంగారులో పంచదార తినిపిస్తారు, అది వేలికి అంటుకుంటుంది, దాని మీదే గుచ్చితే మీటర్ ఎక్కువ చూపిస్తుంది, నువ్వు షుగర్ బాగుందనుకుంటావు. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, తాగి ఉన్నాడని ఎవరైనా తేల్చేసినా, ముందు షుగర్ చూడు.

ఇప్పుడు నిన్ను తిట్టాలి. నీకు తొందరెక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే. రెస్పిరేటరీ రేటు, అంటే నిమిషానికి ఎన్ని ఊపిర్లు అని రాసే గడిలో మనిషిని చూడకుండా 20 అని రాస్తే నేను ఊరుకోను, చాలామంది రాసేస్తారు, నాకు తెలుసు. నాడి పట్టుకున్నట్టే చెయ్యి పట్టుకుని, పేషెంట్‌కి తెలియకుండా, నిమిషం మొత్తం గడియారం చూస్తూ లెక్కపెట్టు. బీపీ పడకముందే, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ తగ్గకముందే ఊపిరి వేగం పెరుగుతుంది. ముసలివాళ్ళకి ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకుతున్నా జ్వరం రాకపోవచ్చు, ఒళ్ళు చల్లగా కూడా ఉండొచ్చు, కాస్త అయోమయంగా మాట్లాడతారు, ఊపిరి 22 దాటుతుంది, అంతే నీకు దొరికే గుర్తు. అది నువ్వు లెక్కపెట్టకపోతే ఇంకెవరూ లెక్కపెట్టరమ్మా.

ఆస్తమావాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. పిల్లికూతలు వినిపిస్తున్నంతసేపూ గాలి ఆడుతున్నట్టే. అవి ఆగిపోయి, ఇందాకటి దాకా కూర్చుని ఎగరొప్పుతున్న మనిషి మగతగా వాలిపోతే నెబ్యులైజర్ పనిచేసిందని అనుకోకు, అలసిపోయి ఊపిరి తియ్యలేకపోతున్నాడు, ఆ క్షణమే డాక్టర్‌ని పిలువు. పిల్లలు కూడా అంతే, బీపీ చివరిదాకా నిలబెట్టుకుంటారు, పడిందంటే ఇక టైం లేనట్టే. గుండె వేగం, చల్లబడిన చేతులు, గోరు నొక్కి వదిలితే ఎర్రదనం రెండు సెకన్లలో వస్తుందా లేదా, ఇవి చూడు. "మావాడు ఎప్పుడూ ఇలా ఉండడు" అని తల్లి అంటే ఆ మాట నీ మానిటర్ కన్నా ముందు నమ్ము.

తల దెబ్బలు. పడిపోయి లేచి, చక్కగా మాట్లాడి, గంటల తర్వాత మగతలోకి జారిపోయేవాళ్ళుంటారు, పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం చేరుతూ ఉంటుంది. స్పృహ ఎంతుందో 3 నుంచి 15 దాకా అంకెల్లో చెప్పే గ్లాస్గో కోమా స్కేల్‌ని 1974లో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు డాక్టర్లు తెచ్చారు, దాన్ని పదే పదే వెయ్యాలి, రాగానే 15 అని ఒకసారి రాసి వదిలేస్తే దాని వల్ల ఉపయోగం లేదు. 15 ఉన్నది 13 అయితే అదే నీకు హెచ్చరిక. నిద్రపోతున్నాడులే పాపం అని లేపకుండా వదిలెయ్యకు, లేపు, తిట్టినా సరే.

గ్యాస్, కడుపులో మంట అని వచ్చే పెద్దవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి పది నిమిషాల్లోపు ఈసీజీ తీయించు, గుండెపోటు వాళ్ళకి ఛాతీ నొప్పితోనే రావాలని లేదు. మొదటి ఈసీజీ బాగుండి నొప్పి అలాగే ఉంటే పావుగంట, అరగంటకి మళ్ళీ తియ్యమని అడుగు. ఈసీజీలో గుండె కింది భాగాన్ని చూపించే 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో తేడా కనిపిస్తే కుడివైపు లీడ్లు కూడా పెట్టేదాకా నాలుక కింద పెట్టే నైట్రేట్ బిళ్ళ గురించి తొందరపడకుండా డాక్టర్ గారిని ఒకసారి అడుగు, గుండె కుడిభాగం దెబ్బతింటే ఆ బిళ్ళకి బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది. పక్షవాతం కేసుకి "ఎప్పుడు మొదలైంది" అని కాదు, "ఆఖరుసారి మామూలుగా ఎప్పుడు చూశారు" అని అడుగు, నిద్రలేచేసరికి అలా ఉంటే లెక్క రాత్రి పడుకోబోయే ముందు నుంచి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటలే టైం.

తీవ్రమైన అలర్జీతో, ఒంటి నిండా దద్దుర్లతో, గొంతు పట్టేసి, బీపీ పడిపోయి వస్తే చాలాచోట్ల చెయ్యి ముందు ఏవిల్ లాంటి అలర్జీ మందు, హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ మీదకే పోతుంది. ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్, పెద్దవాళ్ళకి అర మిల్లీగ్రాము, తొడ బయటి పక్క కండలోకి, తగ్గకపోతే ఐదు నిమిషాలకి మళ్ళీ. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టు, ఊపిరాడక ఆయాసపడుతుంటే మాత్రం కూర్చోనివ్వు, బాగుందని బాత్రూంకి నడిపించకు, లేచి నిలబడగానే కుప్పకూలినవాళ్ళున్నారు. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది, కాబట్టి వీళ్ళూ నేను చెప్పిన "బానే ఉంది" జాబితాలోనే.

రోజూ ఇలా అనుమానంతో బతకాలా అని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించేది. పంపించే ముందు ఒక్కసారి బెడ్ దగ్గరికి వెళ్ళి, లేపి, నడిపించి, మాట్లాడించి, నాడి, బీపీ, ఊపిరి లాంటి వైటల్స్ మళ్ళీ రాయి, అది చేశాక నీకు ఇంటికెళ్ళి నిద్ర పడుతుంది. చేసినా కొందరు పోతారు తల్లీ. ఆ రోజు ఎవరూ లేని చోట ఏడు, తర్వాత మొహం కడుక్కుని వచ్చి నెక్స్ట్ షిఫ్ట్‌కి హ్యాండోవర్ సరిగ్గా ఇవ్వు. నైట్ డ్యూటీకి తినకుండా వెళ్ళకు, నీ సంగతి నాకు తెలుసు.

ఆఖరిది, ఇది పేషెంట్ గురించి కాదు, నీ గురించి. సూదికి మూత మళ్ళీ పెట్టకు, వాడగానే సూదుల డబ్బాలో వేసెయ్యి. ఎప్పుడైనా గుచ్చుకుంటే పిండకు, సబ్బూ నీళ్ళతో కడుగు, బిజీగా ఉన్నాం తర్వాత చెప్దాంలే అని దాచుకోకు, ఎంత చిన్నగా గుచ్చుకున్నా సరే. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక ఇవ్వరు. వెంటనే ఇంచార్జికి చెప్పు, రిజిస్టర్‌లో రాయించు, బ్లడ్ ఇవ్వు, ఆ తర్వాత ఎంత రాత్రైనా నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ