నకజో గొడుగు సంగతి, నీ కథ సంగతి

తమ్ముడూ,

కథ చదివాను. "ఎన్ని అవమానాలు ఎదురైనా పట్టువదలని విక్రమార్కుడిలా ముందుకు సాగాడు నకజో" అన్న దగ్గర ఫోన్ పక్కన పడేసి వెళ్లి టీ పెట్టుకున్నాను. కోపమొచ్చింది మరి. ఆ వాక్యంలో నకజో పేరు తీసేసి ఒక క్రికెటర్ పేరు పెట్టు, సివిల్స్ ర్యాంకర్ పేరు పెట్టు, చక్కగా అతుకుతుంది. అలాంటప్పుడు 1736లో పుట్టిన కబుకి నటుణ్ణి, అంటే జపాన్ నాటకాలాడే వాణ్ణి, ఎందుకు కష్టపెట్టడం?

మళ్లీ ఫోన్ తీశానంటే మూడో పేజీలో ఉన్న ఒక్క ముక్క వల్ల. వానకి నూడుల్స్ కొట్లోకి దూరిన ఆ రోనిన్, అంటే దొర లేని సమురాయ్ యోధుడు, చిరిగిన గొడుగు విదిల్చి, కిమోనో చేతులు పిండుకుంటాడు, నకజో చూస్తూ ఉంటాడు. బాగుంది. రాసింది నువ్వేనా అనిపించింది. కానీ దానికి ఇచ్చింది ఒకటిన్నర లైను, అవమానాలకి నాలుగు పేజీలు!

నేను ఎప్పుడూ చెప్పే మాటే నీకూ చెప్తాను, విసుక్కున్నా పర్లేదు. కళాకారుడి గురించి రాస్తే అతని పని రాయి. కష్టాలు కాదు, పని. వంశం లేనివాడు, పెంపుడు బిడ్డ, నాటకాల్లో అట్టడుగు మెట్టు నుంచి వచ్చాడు, అన్నీ నిజమే. ఆ అట్టడుగు వాళ్లని 'ఇనారి-మాచి' అనేవాళ్లు, థియేటర్లో ఇనారి దేవుడి గుడి పక్కన ఉండే గది వాళ్లది కాబట్టి. అదొక్కటి చెప్తే చాలు, అతను ఎక్కడ కూర్చునేవాడో నాకు తెలిసిపోతుంది. ఏడుపు సీన్లు అక్కర్లేదు.

అసలు నీ కథలో పెద్ద లోటు ఏంటంటే అతను చేసిన పని ఏంటో పాఠకుడికి అర్థం కాదు. చూషింగురా నాటకం నువ్వు చదివావు సరే, చదివేవాడు చదవలేదు కదా. 1748లో బొమ్మలాటగా వచ్చిన నాటకం, 11 అంకాలు, చచ్చిపోయిన దొర కోసం పగ తీర్చుకునే రోనిన్ల కథ. ఐదో అంకంలో చీకటి, వాన, కొండదారి. యోయిచిబే అనే ముసలాయన కూతుర్ని క్యోటోలోని గియోన్‌లో వేశ్యల ఇంటికి అమ్మి, అడ్వాన్సుగా వచ్చిన 50 బంగారు ర్యోలు పట్టుకుని నడిచి వస్తుంటే సదకురో అనే వాడు చంపి ఆ డబ్బు లాక్కుంటాడు. కాసేపటికి అడవిపందిని కొట్టబోయిన కంపేయి తుపాకీకి వాడూ చస్తాడు. ఆ ముసలాయన అల్లుడే కంపేయి. చీకట్లో శవం దగ్గర దొరికిన సంచి తీసుకుంటాడు, తర్వాత మామని తనే చంపానేమో అనుకుని పొట్ట కోసుకుంటాడు. అంటే కథంతా కంపేయిది, సదకురో వచ్చి పోయేవాడు. ఆ సీన్లో జనం అన్నం డబ్బాలు విప్పుకునేవాళ్లని చెప్పుకుంటారు.

1766లో నకజోకి ఇచ్చింది ఆ వేషం. అప్పటిదాకా దాన్ని కొండదొంగలాగే వేసేవాళ్లు, మందపాటి బొంత కోటు, మొరటు మేకప్. నకజో చేసింది ఏంటి? నువ్వేమో "తన ప్రతిభతో పాత్రకు ప్రాణం పోశాడు" అని రాసి చేతులు దులుపుకున్నావు. ప్రాణం ఎలా పోశాడు బాబూ? సదకురో ఎవరు? ఓనో కుదయూ కొడుకు. కుదయూ అంటే ఆ చచ్చిపోయిన దొర సంస్థానంలో పెద్ద ఉద్యోగి, సమురాయ్. తండ్రి వెళ్లగొట్టిన కొడుకు దొంగ అయితే అయ్యుండొచ్చు గానీ ఒంటి మీద బొంత ఎక్కడి నుంచి వస్తుంది, ఒకప్పటి మంచి బట్టే కదా మిగిలేది! అందుకని నల్ల కిమోనో, దాని మీద ఇంటి ముద్ర, అంచు పైకి దోపి, చేతులకీ కాళ్లకీ తెల్ల రంగు, గొరగాల్సిన నడినెత్తి గొరక్క పెరిగిపోయిన జుట్టు, చేతిలో చిరిగిన గొడుగు, ఒంటి నిండా కారే నీళ్లు. కరెంటు లేని థియేటర్లో, పగటి వెలుతురులో, నలుపు పక్కన ఆ తెలుపు ఎలా కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటుందో ఆలోచించు. ఇప్పటికీ సదకురో వేషం అదే. ఇప్పుడు ఆడే పద్ధతిలో అతనికి ఉన్నది ఒక్కటే డైలాగు, "గోజూ-ర్యో", యాభై ర్యోలు, అంతే. గుండు తగిలాక నోట్లోంచి రక్తం కారి తెల్లటి తొడ మీద పడుతుంది. మంచి మంచి కుర్ర నటులు ఆ చిన్న వేషం కోసం ఎదురుచూస్తారు.

ఇదీ కథ. అతను స్క్రిప్టు చదివాడు, మిగతావాళ్లు ముందు వేసినవాణ్ణి చూసి వేశారు.

నీకు ఎవరో చెప్పే ఉంటారు, "ఎమోషన్ కావాలి, రీడర్ కనెక్ట్ అవ్వాలి" అని. నాకూ చెప్పారు. తెనాలి వైపు పద్యనాటకాలకి వాయించే ఒక హార్మోనిస్టు గురించి రాశాను నా మొదటి రోజుల్లో. ఐదు శృతిలో పాడే కృష్ణుడికి వయసు మీదపడి గొంతు అందకపోతే, డైలాగులు నడుస్తున్నప్పుడు ఈయన ఎవరికీ తెలీకుండా నాలుగున్నరకి దించేసి తర్వాతి పద్యానికి అక్కడే అందించేవాడు, పాడేవాడికి కూడా ఒక్కోసారి తెలిసేది కాదట. దాని చుట్టూనే రాశాను. ఎడిటరు గారు ఆ పేరా మొత్తం కొట్టేసి, "ఆయన పేదరికం మీద ఇంకొంచెం" అన్నారు, నేను ఇవ్వకపోతే ఆయనే రాసుకుని "ఆకలి రాగం" అని హెడ్డింగ్ పెట్టి వేశారు. ఆ పుస్తకం పట్టుకెళ్లి ఇస్తే ఆ పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివి, "నేనెప్పుడు పస్తులున్నానమ్మా? శృతి సంగతి ఏదీ?" అన్నాడు. ఆ పత్రికకి నేను మళ్లీ ఒక్క ముక్క పంపలేదు. రెమ్యూనరేషన్ కూడా రాలేదులే, అది వేరే కథ. ఇప్పుడు కొత్తగా వీటికి మోటివేషన్ అని పేరు పెట్టారు, కూరలో రుచి లేకపోతే ఇంకో గరిటె కారం వేసినట్టు ఎక్కడ పలచబడితే అక్కడ ఒక కన్నీటి చుక్క.

భార్యతో రెండు పేజీల సంభాషణ ఉంది కదా, తీసేయి. ఆవిడ ఓదార్చడం, ఆ రోజు జనం చప్పట్లు కొట్టకపోతే ఓడిపోయాననుకుని అతను ఊరు వదిలి వెళ్లబోవడం, ఇవన్నీ రకుగో వాళ్లు చెప్పే కథలోవి, అంటే ఒక్కడే దిండు మీద కూర్చుని చెప్పే కథ. నూడుల్స్ కొట్టు కూడా అలా చెప్పుకుంటూ వచ్చిందే. దాన్ని మాత్రం ఉంచు, "అని చెప్పుకుంటారు" అని ఒక్క మాట వేసి ఉంచు, ఎందుకంటే అందులో అతను పని చేస్తున్నాడు, చూస్తున్నాడు. ఓదార్పు సీన్లో ఎవరూ ఏమీ చేయట్లేదు.

ఇంకోటి. 1766 తర్వాత "ఎన్నో గొప్ప పాత్రలు పోషించి 1790లో కన్నుమూశాడు" అని ఒక్క లైనులో 24 ఏళ్లు మింగేశావు! 1784లో 'సెకి నో తో' ఉంది, డాన్స్ నాటకం, మంచులో విరగబూసిన చెర్రీ చెట్టు, చెక్‌పోస్టు కాపలావాడి వేషంలో నకజో. తాగిన మత్తులో సాకే గిన్నెలో నక్షత్రాల నీడ చూసి, చెట్టు నరకాల్సిన వేళ ఇదేనని పెద్ద గొడ్డలి నూరతాడు. రాజ్యం కాజేద్దామనుకునే దుర్మార్గుడు ఆ కాపలావాడు. ఇంత సరుకు పెట్టుకుని నీకు కన్నీళ్లు దేనికి?

షున్షో అనే చిత్రకారుడు వేసిన చెక్క అచ్చు బొమ్మలు చూశావా, సదకురో వేషంలో నకజోవి? మ్యూజియంల సైట్లలో ఫ్రీగా ఉన్నాయి. చూసి రాయి, గొడుగు ఎలా పట్టుకున్నాడో చూసి రాయి.

కలం పేరు గురించి ఏదో అడిగావు, పోటీ గురించి కూడా. తర్వాత చూద్దాం. ముందు నకజో ఆ వేషం వేసిన ఇచిమురా-జా థియేటర్ని ఒసాకాలోంచి తీసి ఎడోలో పెట్టు, ఎడో అంటే ఇప్పటి టోక్యో. ఒసాకాలో ఉన్నది ఆ బొమ్మలాట మొదట ఆడిన టకెమోటో-జా. నువ్వు రెండూ కలిపేశావు, రెండో పేజీలోనూ ఆరో పేజీలోనూ.

అక్క