తాతమ్మ బొమ్మ ఫ్రేము విప్పే ముందు

చిరంజీవి అమ్మలూ, ఆశీస్సులు.

వన్‌టౌన్ పాత ఇంటి అటక మీద మీ తాతమ్మ బొమ్మ దొరికిందట, గాజు తీసి తడిగుడ్డతో తుడుద్దామనుకుంటున్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆగు తల్లీ. ఫ్రేముల పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే తుడిచి, ఎవరో పెద్దాయన బొమ్మలో బొగ్గుతో గీసిన మీసాన్ని చెంప దాకా పాకించేశాను. ఆయన మనవడు తిట్టిన తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి.

ముఖం సంగతి తర్వాత. ముందు వెనక్కి తిప్పి చూడు. అట్టకి ఆంధ్రపత్రిక ముక్క అంటించి ఉందనుకో, అది దినపత్రిక అయింది 1914లో కాబట్టి, ఆ ఫ్రేము కట్టింది ఆ తర్వాతే అనుకోవచ్చు. బొమ్మ మాత్రం ఇంకా పాతది కావచ్చు. కాగితంలో వాటర్‌మార్కు ఏడాది కనిపిస్తే లెక్క తిరగబడుతుంది: బొమ్మ ఆ ఏడాదికి ముందుది కాదు, తర్వాత ఎప్పటిదైనా కావచ్చు.

ఇక టార్చి పక్కవాటుగా పట్టు. పెన్సిలు గీత మెరుస్తుంది, బొగ్గు మెరవదు. భూతద్దంతో కంటిపాప, చీర అంచు చూడు. గీత అన్నదే లేకుండా నున్నటి గోధుమరంగు నీడ అడుగున కనిపిస్తే అది ఫోటో. చిన్న ఫోటోని పలచగా పెద్దది చేసి, పైన బొగ్గుతోనో క్రేయాన్‌తోనో దిద్దేవారు. ఎండ వెలుగుతో ఫోటో పెద్దది చేసే సోలార్ కెమెరాకి అమెరికాలో 1857లోనే పేటెంటు ఉంది. అలా కాకుండా నుదుటి మీద సరిగా చెరపని గళ్లు కనిపిస్తే, ఫోటో చూసి గడి గడీ చేత్తో దించారన్నమాట.

నగల్ని నమ్మకు. బొగ్గుతో కాసులపేరు వేయడానికి బంగారం అక్కర్లేదు కదా!

నేనైతే అన్నిటికన్నా ఎక్కువసేపు బొట్టు దగ్గర ఆగుతాను. అది గాజు మీద ఉంటే, పోయాక ఇంట్లోవాళ్లు పెట్టిన కుంకుమ. కాగితం మీదే బొగ్గు పైన ఎర్ర రంగు కూర్చుని ఉంటే, తర్వాత ఎవరో పెట్టించారు. భర్త పోయాక దిగిన ఒకే ఒక్క ఫోటో తెచ్చి, “అమ్మకి బొట్టు పెట్టి గీయించండి” అని మెల్లగా అడిగినవాళ్లు మా షాపుకి చాలామంది వచ్చారు. గీసేవాడు మారు మాట్లాడకుండా పెట్టేవాడు. దానికి ఉల్టా కూడా ఉంది: బొట్టు రుద్ది చెరిపేసిన చోట కాగితం నూగు లేచి ఉంటుంది, టార్చి వెలుగులో తెలిసిపోతుంది. మీ తాతమ్మ నుదుట ఏముందో చూసి, నాకు చెప్పే ముందు మీ మేనత్తని అడుగు. ఆ బొమ్మ గీయించడానికి డబ్బు ఎవరిచ్చారో, అప్పటికి తాతమ్మ బతికి ఉన్నారో లేదో మేనత్తకే తెలుస్తుంది.

వానలు తగ్గేదాకా ఫ్రేము విప్పకు. మన ఊరి సముద్రం చెమ్మకి కాగితం గాజుకి అంటుకుని ఉంటే అస్సలు లాగొద్దు, బొగ్గంతా గాజుకే వచ్చేస్తుంది. అలాగే నా దగ్గరికి పట్టుకురా. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకో, గాజు పైకి ఉండాలి.

మీ మావయ్య