టేబుల్ పేరుతోనే తంటా

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ సర్వర్‌లోని డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్‌ను 5.7 నుంచి 8.0కి మార్చాం. అప్పట్నుంచి విద్యార్థుల బ్యాచ్‌లు ఉండే ‘గ్రూప్స్’ టేబుల్‌ని అడిగితే 1064 ఎర్రర్ వస్తోంది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. టెన్షన్‌గా ఉంది సార్.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ డేటాకేం కాలేదు, ముందు స్థిమితపడండి. 8.0లో విండో ఫంక్షన్లు (వరుసలను కలిపేయకుండానే ర్యాంకులు, మొత్తాలు లెక్కించేవి) వచ్చాయి. వాటితో పాటే ‘గ్రూప్స్’, ‘ర్యాంక్’ లాంటి మాటలు రిజర్వ్‌డ్ అయిపోయాయి, అంటే మైఎస్‌క్యూఎల్ తన సొంత ఆదేశాల కోసం అట్టిపెట్టుకుంది; వాటిని నేరుగా పేర్లుగా వాడనివ్వదు. ఎర్రర్‌లో ‘నియర్’ తర్వాత ఏ మాట ఉందో చూడండి, గొడవ అక్కడే. ‘ర్యాంక్’ కాలమ్ దగ్గర నేనూ ఒక రాత్రంతా కామాలు వెతుకుతూ కూర్చున్నాను.

ప్రస్తుతానికి ఆ పేరుకు రెండు వైపులా బ్యాక్‌టిక్ పెట్టండి. కీబోర్డులో 1 అంకెకు ఎడమ పక్కనుండే మీట అది. మామూలు సింగిల్ కోట్ పెట్టకండి, అది పేరును ఉత్త టెక్స్ట్‌గా మార్చేస్తుంది. వీలు చూసుకుని టేబుల్ పేరు ‘స్టూడెంట్_గ్రూప్స్’ అని మార్చేయండి, నా ఓటు దానికే. మార్చేముందు బ్యాకప్ తీయడం మాత్రం మరవకండి. మిగతా పేర్లను ఇన్ఫర్మేషన్ స్కీమా (మైఎస్‌క్యూఎల్ తన వివరాలు తానే ఉంచుకునే చోటు)లోని ‘కీవర్డ్స్’ టేబుల్‌తో సరిచూసుకోండి.