గాలి లాగితే అది నడక అవుతుందా?

ప్రశ్న: అంటార్కిటికాలో స్కీల మీద వెళ్లే యాత్రికులు పెద్ద గాలిపటాల సాయంతో వేల కిలోమీటర్లు దాటుతున్నారని చదివాను. మంచు మీద జారే సామాను బండితో సహా మనిషిని గాలిపటం ఎలా లాగగలదు? గాలే లాగుతుంటే వారు పడే కష్టమేమిటి? బండిని ఈడ్చుకుంటూ వెళ్లినవారితో వారిని సమానంగా లెక్కించడం న్యాయమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మనం సంక్రాంతికి మేడ మీద ఎగరేసే పటానికీ దీనికీ పోలిక పేరు వరకే. ధ్రువయాత్రికులు వాడేది తేలికైన, గట్టి గుడ్డతో కుట్టిన రెక్క. గాలి తగలగానే విమానం రెక్కలో పుట్టే బలమే ఇందులోనూ పుడుతుంది. దారాలను నడుముకు బిగించిన హార్నెస్‌కు తగిలిస్తారు కాబట్టి లాగుడంతా తుంటి మీద పడుతుంది, చేతిలోని కడ్డీ పటాన్ని తిప్పడానికే పనికొస్తుంది. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగింతలవుతుంది. అందువల్ల బండిలో చిన్నవీ పెద్దవీ పలు పటాలు పెట్టుకుని, ఆ రోజు గాలిని బట్టి ఒకటి తీస్తారు. మంచును ఒరుసుకుంటూ వీచే గాలికంటే పైగాలి బలమైనది కనుక, గాలి మందగించిన రోజున దారాలను పొడవుగా కడతారు.

అక్కడి గాలికి ఒక క్రమం ఉంది. ఖండం నడుమనున్న ఎత్తైన మంచు పీఠభూమి మీద గాలి మంచును తాకి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట తీరం వైపు జారుతుంది. భూభ్రమణం వల్ల దక్షిణార్ధగోళంలో అది ఎడమకు ఒరుగుతుంది. ఏ ప్రాంతంలో గాలి సాధారణంగా ఎటు నుంచి వీస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి, యాత్రికులు దానికి తగినట్టుగా దారి గీసుకుంటారు. పడవ తెరచాపతో సాగినట్టే పటంతో గాలికి అడ్డంగానూ, కొంతమేర ఎదురుగానూ పోవచ్చు. కానీ తీరం నుంచి పీఠభూమి మీదికి ఎక్కేటప్పుడు గాలి తరచూ ముఖానికే కొడుతుంది, బండి అప్పుడే నిండు బరువుతో ఉంటుంది. ఆ తొలి రోజుల్లో పటం సంచిలోనే ఉంటుంది, బండిని మనిషే లాగాలి.

ఇక కష్టం సంగతి. నడిచేవాడికి ఎంత శ్రమిస్తే అంత దూరం. పటం పట్టినవాడికి ఆ లెక్క లేదు. గాలి లేకపోతే గుడారంలో కూర్చోవాలి, కూర్చున్న రోజున కూడా తిండీ, మంచు కరిగించుకునే ఇంధనమూ తరుగుతూనే ఉంటాయి. గాలి లేచిందంటే నిద్ర మధ్యలోనైనా బయలుదేరాలి. నవంబరు నుంచి జనవరి వరకు అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి రాత్రి అన్నది గడియారంలోనే ఉంటుంది. చలి విషయంలో మరో చిక్కు ఉంది, దీన్ని చాలామంది ఊహించరు: బండిని లాగేవాడికి శ్రమ వల్ల ఒళ్లు వేడెక్కుతుంది, పటం వెంట జారేవాడి కాళ్లు వంగి నిలబడి ఉంటాయే తప్ప ఒంట్లో అంత వేడి పుట్టదు. చేతులు గంటల తరబడి కడ్డీ మీదే ఉండడంతో వేళ్లు మొద్దుబారుతాయి. గాలి కోసిన గట్టి మంచు గట్లను, అంటే సస్త్రుగీలను, వేగంగా దాటుతుంటే మోకాళ్లు అదురుతాయి, వెనుక బండి తలకిందులవుతుంది. దారాలు చిక్కుపడితే వాటిని విప్పడానికి మందపు చేతి తొడుగులు తీయక తప్పదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం మంచు పగుళ్లు. నడిచేవాడు కర్రతో పొడిచి చూడగలడు, వేగంగా జారేవాడికి ఆ వ్యవధి ఉండదు. బెల్జియం యాత్రికుడు డిక్సీ డాన్సర్‌కూర్, సామ్ డెల్టూర్‌తో కలిసి 2011–12లో తూర్పు అంటార్కిటికాలో పటాలతో 5,000 కిలోమీటర్లకు పైగా తిరిగి వచ్చినవాడు. అంతటి అనుభవజ్ఞుడూ 2021లో గ్రీన్‌లాండ్‌లో అలాంటి పగులులో పడి మరణించాడు.

సమానత్వం గురించి మీరడిగినది పాత వివాదమే. 1888లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ బృందం గ్రీన్‌లాండ్ దాటేటప్పుడు గుడారం అడుగు గుడ్డను తెరచాపగా బండ్లకు కట్టింది, అందువల్ల ఆ యాత్ర తక్కువదని ఎవరూ అనలేదు. నార్వేకు చెందిన బోర్గె ఊస్లాండ్ 1996–97లో అంటార్కిటికాను ఒంటరిగా, 64 రోజుల్లో, 2,845 కిలోమీటర్ల మేర దాటాడు. గాలి అనుకూలించిన చోట పటం వాడాడు. 2018లో అమెరికాకు చెందిన కోలిన్ ఓబ్రాడీ పటం లేకుండా 54 రోజుల్లో సుమారు 1,500 కిలోమీటర్లు నడిచి, ఏ సాయమూ లేకుండా ఒంటరిగా దాటిన మొదటివాడిని తానేనన్నాడు. అతను నడిచినది ఖండం అంచున సముద్రం మీద తేలే హిమఫలకాలను వదిలేసిన చిన్న దారి; అందులో చివరి భాగం వాహనాల కోసం సిద్ధం చేసిన బాట వెంట సాగింది. పటాన్ని సాయంగా లెక్కించేవారు ఆ బాటను మాత్రం ఎందుకు లెక్కించరన్న విమర్శ నాకు సబబుగానే తోస్తుంది. రెండు రకాల యాత్రలనూ వేర్వేరు పట్టికల్లో వేయాలన్నదే నా మాట. పటంతో పోయినవారి దూరాన్ని నడకతో పోల్చి గొప్పగా చెప్పడమూ తప్పే.

ప్రశ్న: మనవారెవరైనా స్కీల మీద దక్షిణ ధ్రువం చేరారా? అంటార్కిటికాలోని మన మైత్రి కేంద్రం నుంచి ఇలాంటి యాత్రకు బయలుదేరవచ్చా?
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: 2009 డిసెంబరులో రీనా కౌశల్ ధర్మశక్తు కామన్వెల్త్ దేశాల మహిళా బృందంలో ఒకరిగా సుమారు 900 కిలోమీటర్లు స్కీల మీద సాగి ధ్రువం చేరారు; ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళ ఆమే. పంజాబీ మూలాలున్న బ్రిటిష్ సైనికాధికారిణి ప్రీత్ చాందీ 2022 జనవరిలో ఒంటరిగా 40 రోజుల్లో ధ్రువానికి వెళ్లారు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఆ ఖండంలోకెల్లా ఎత్తైన విన్సన్ శిఖరాన్ని ఎక్కారు గానీ, అది పర్వతారోహణ.

మైత్రి పరిశోధన కేంద్రం. సొంత యాత్రలకు విడిది కాదు. దాని పొరుగునే రష్యావారి నోవోలజారెవ్స్కాయా కేంద్రం, దానికి చెందిన మంచు విమానదారి ఉన్నాయి. పటాలతో వెళ్లే యాత్రలు కొన్ని అక్కడి నుంచే మొదలవుతాయి. 2022లో వచ్చిన భారత అంటార్కిటికా చట్టం ప్రకారం మన దేశం నుంచి వెళ్లే యాత్రకు ముందుగా అనుమతి తీసుకోవాలి. మీకు ఆసక్తి ఉంటే ముందు గుల్‌మార్గ్‌లోనో, ఔలీలోనో స్కీయింగ్ నేర్చుకోండి. ఆపైన ధ్రువయాత్రికులు సాధన చేసే నార్వేలోని హార్డంగర్‌విడ్డా పీఠభూమి మీద పటంతో కొన్ని వారాలు గడిపి చూడండి. పటం ఎగరేయడం కంటే, గాలి హద్దు మీరినప్పుడు దాన్ని క్షణంలో దించడమే ముందు నేర్చుకోవలసిన విద్య.