సాక్ష్యానికి వెళ్లే ముందు

అమ్మలూ,

సమన్లు వచ్చాయని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అప్పటి నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదని కూడా చెప్పింది. కోర్టంటే ఎవరికైనా టెన్షనే. నీకైతే మీ ఆయన్ని కళ్ల ముందే చంపిన ఘోరాన్ని పరాయి మనుషుల మధ్య నిలబడి మళ్లీ చెప్పాల్సిన పని పడింది. విజయనగరం జిల్లా కోర్టుల్లో బెంచి క్లర్కుగా ఉద్యోగమంతా చేసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు. ఇది దగ్గర పెట్టుకుని చదువుకో.

ఫిర్యాదు నువ్వే ఇచ్చినా కేసు నడిపేది ప్రభుత్వం. అక్కడ మన పక్షాన నిలబడేది ప్రభుత్వ లాయరు, పి.పి. (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు. సొంత లాయర్ని పెట్టుకున్నా, ఆయన కోర్టు అనుమతితో పి.పి. గారికి సాయంగా ఉంటాడు తప్ప కేసు తన చేతుల్లోకి తీసుకోడు. అందుకని అప్పుచేసి పెద్ద లాయర్ని పెట్టాలని మీ మరిది అంటున్నది నాకు నచ్చలేదు. ఆ డబ్బు పిల్లలకు ఉంచు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. అన్నట్టు, కోర్టులో అందరూ ‘302 కేసు’ అంటుంటే కంగారు పడకు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలొచ్చాయి, హత్యకు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103 సెక్షన్. పాత శిక్షాస్మృతిలో అది 302 కాబట్టి అలవాటుకొద్దీ అలాగే అంటారు.

నా భయమంతా కోర్టు గురించి కాదు, వాయిదాకి ముందు రోజుల గురించి. మీ ఇంటికి పెద్దమనుషులు వస్తారు. పగలు రారు, భోజనాల వేళ దాటాక వస్తారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడుగుతారు, పిల్లలేం చదువుతున్నారని అడుగుతారు. తర్వాత అసలు మాట. ‘పోయినోడు ఎలాగూ తిరిగి రాడు, ఉన్నోళ్ల సంగతి చూసుకోవాలి కదమ్మా’ అంటారు. గట్టు తగాదా ఏ భూమి కోసం వచ్చిందో ఆ భూమే రాసిస్తామని కూడా అంటారు. అందులో ఒకరిద్దరు నిజంగా నీ మంచి కోరేవాళ్లూ ఉంటారు, అదే కష్టం.

హత్య కేసు రాజీకి కుదిరే కేసు కాదు. లోక్ అదాలత్‌లో తేలదు, నువ్వు సంతకం పెట్టినా పోదు. మరి వాళ్లు అడిగేదేంటి? బోనులో నిలబడి ‘మసక చీకటండి, ఎవరో కనపడలేదండి’ అని చెప్పమంటున్నారు. అంతే. దాన్ని రాజీ అంటున్నారు. నువ్వలా చెప్పిన నిమిషానికి పి.పి. గారు నిన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమని కోర్టును అడిగి, పోలీసులకు నువ్వు చెప్పిందంతా ఒక్కొక్క ముక్కా చదువుతూ నిన్నే ప్రశ్నిస్తారు. ‘అలా చెప్పలేదండి’, ‘అలా చెప్పలేదండి’ అంటూ తలదించుకుని నిలబడ్డ ఆడవాళ్లను నేను ఆ బల్ల ముందు కూర్చుని చూశాను. వాళ్లను తప్పుపట్టను. కూలికెళ్తే గాని పొయ్యి వెలగని ఇళ్లు అవి, వెనక నిలబడే మగదిక్కు లేదు. నీకు మాత్రం వద్దనే చెబుతాను. అలా కొట్టేసిన కేసుల్లో కొన్ని అక్కడితో ఆగలేదు. పిల్లలు మీసాలొచ్చే వయసుకు వచ్చాక అదే గట్టు మీద ఇంకో శవం లేచింది. నీ కొడుక్కి ఆ బరువు వద్దు. వాడి తండ్రి లెక్క కోర్టే తేల్చాలి.

వచ్చినవాళ్లతో వాదన పెట్టుకోకు. ‘మామయ్యతో మాట్లాడండి’ అని నా మీదకి నెట్టెయ్. మాట బెదిరింపులోకి దిగితే ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో ఆ రాత్రే కాగితం మీద రాసిపెట్టు. సాక్షులకు రక్షణ పథకాన్ని 2018లో సుప్రీంకోర్టు దేశమంతటికీ చట్టంలా అమలు చేయమంది. జిల్లా జడ్జి గారు పెద్దగా ఉన్న కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. డీఎస్పీ స్థాయి అధికారి ప్రమాదం ఎంతో చూసి రిపోర్టు ఇస్తారు. అవసరమైతే అది నేను రాసిపెడతాను.

సాక్షి భయం ఎంతుంటుందో మన ప్రాంతానికి బాగా తెలుసు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో, మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకున్న భూముల్లో మిగిలిపోయినవాటి సాగు దగ్గర వచ్చిన తగాదాలో ఐదుగురు దళితులను చంపేశారు. ఆ కేసుకు ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. ఊరికే అలా పెట్టరు. చూసినవాళ్లు నోరు విప్పగలిగితేనే కోర్టు ఏమైనా చెయ్యగలదు.

ఇక కోర్టు రోజు. నువ్వు మొదటి సాక్షివి. ముందు పి.పి. గారు అడుగుతారు, దాన్ని చీఫ్ అంటారు. తర్వాత అవతలి లాయరు క్రాస్ చేస్తాడు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తాడు. పోలీసులు నీ వాంగ్మూలం రాసుకున్నప్పుడు నీ సంతకం తీసుకోలేదని అనుమానం పెట్టుకోకు, చట్టం ప్రకారం తీసుకోకూడదు. నువ్వు చూసింది చూసినట్టు చెప్పు. చూడనిది ఒక్క ముక్క కలపకు. ఇది నీకు ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ముద్దాయి ముసలి తల్లి కూడా ‘నరకండి’ అని అరిచిందని చెప్పమని మనవాళ్లే నీకు నూరిపోస్తున్నారని విన్నాను. నువ్వు విన్నావా? వినకపోతే ఆ పేరు ఎత్తకు. లేని మనిషిని ఇరికిస్తే ఆ ఒక్క అబద్ధాన్ని పట్టుకుని గొడ్డలి ఎత్తినవాడు బయటపడతాడు. ఆవిడకి కూడా ఇది నరకమే. కొడుక్కి శిక్షపడితే ఈ వయసులో విశాఖ సెంట్రల్ జైలుకి ములాఖత్ కోసం తిరగాల్సింది ఆవిడే.

క్రాస్‌లో ‘ఆ టైముకి నువ్వు పొలంలో లేవు, ఇంట్లో ఉన్నావు, వీళ్లు చెప్పమంటే చెబుతున్నావు’ అంటాడు. ఒళ్లు మండుతుంది. అది అతను అడగాల్సిన ప్రశ్న, అడగకపోతే వాళ్ల పార్టీ ఊరుకోదు. ‘నిజం కాదండి’ అను, చాలు. ఎన్ని గజాల దూరమని అడిగితే అంకె చెప్పకు. ‘ఇక్కడి నుంచి ఆ తలుపు దాకా ఉంటుందండి’ అని చూపించు. గుర్తు లేకపోతే గుర్తు లేదను.

ఒక సంగతి ముందే చెప్పాలి, అక్కడ ఒక్కసారిగా ఎదురైతే తట్టుకోలేవు. మీ ఆయన ఆ రోజు వేసుకున్న చొక్కా కోర్టులో చూపిస్తారు. లక్క సీలు వేసిన గుడ్డ మూట విప్పి, నీ ముందు పరుస్తారు. రక్తం ఎండిపోయి ముదురు గోధుమ రంగులో, బట్ట గట్టిగా అట్టలా ఉంటుంది. గుండీ ఊడితే నువ్వు కుట్టి ఉంటావు, ఆ దారం కూడా కనపడుతుంది. ‘ఇది ఎవరిది?’ అని అడుగుతారు. ఏడుపొస్తే ఏడువు, ఎవరూ ఏమీ అనరు. మంచినీళ్లు అడుగు, కూర్చుంటానని అడుగు, జడ్జి గారు కాదనరు. తేరుకున్నాక ‘మా ఆయనదండి’ అని చెప్పు. దాని మీద నంబరు వేసి మళ్లీ మూట కడతారు. అది ఇప్పుడే ఇంటికి రాదు.

నువ్వు చెప్పింది జడ్జి గారు డిక్టేట్ చేస్తే టైపవుతుంది. సంతకం పెట్టే ముందు నీకు చదివి వినిపించాలి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పమని అడుగు. తేడా ఉంటే అప్పుడే చెప్పు, రాసుకుంటారు. సాయంత్రం తొందరలో సంతకం పెట్టేసి బయటకొచ్చాక ఎవరూ ఏమీ చెయ్యలేరు. సాక్షి బత్తా, అంటే వచ్చిన ఖర్చులకు ఇచ్చే డబ్బు కూడా అడుగు, చిన్న మొత్తమే అయినా అది నీ హక్కు.

చానెల్ వాళ్లకి ఒక్క మాట ఇవ్వకు. మైకు పట్టుకుని ‘అక్కా, ఆ రోజు ఏం జరిగింది’ అంటూ వస్తారు. మీ ఆయన శవం ఫొటోకి ఎర్ర గీతలు గీసి పెట్టేవాళ్లు కూడా వీళ్లే. నీ కూతురు రేపు ఫోన్‌లో దాన్ని చూడాలా?

ఏం తీర్పొస్తుందో నేను చెప్పలేను. ఒకవేళ కొట్టేసినా, పై కోర్టుకి అప్పీలు చేసుకునే హక్కు నీకు నేరుగా ఉంది, పోలీసుల కోసం ఎదురుచూడక్కర్లేదు. పరిహారానికి కూడా శిక్ష పడడమే షరతు కాదు. ముద్దాయిని వదిలేసినా, బాధితుల బతుకు నిలబెట్టాలనిపిస్తే కోర్టు సిఫారసు చెయ్యొచ్చు. ఎంత ఇవ్వాలో న్యాయ సేవాధికార సంస్థ విచారించి తేలుస్తుంది, ఆ విచారణ రెండు నెలల్లో ముగించాలి. పెళ్లి సర్టిఫికెట్, మరణ ధ్రువపత్రం, పిల్లల ఆధార్ కార్డులు ఒక కవర్లో పెట్టి ఉంచు.

ఆ రోజు పిల్లల్ని మీ అమ్మ దగ్గర వదిలిపెట్టి రా. చీపురుపల్లిలో మొదటి బస్సు ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగుతావు, నేను అక్కడే ఉంటాను. అవతలివాళ్లూ అదే బస్సులో ఉండొచ్చు కాబట్టి మీ మరిదిని తోడు తెచ్చుకో. సమన్లు, ఆధార్ మర్చిపోకు. టిఫిన్ ఇక్కడే తిందాం.

మీ మామయ్య