సొంత ఇంటిని రోజువారీ అద్దెకు ఇచ్చుకుంటే ప్రభుత్వం ఎందుకు అడ్డుపడాలి?

నా ఇల్లు, నా ఇష్టం, టూరిస్టులకు ఇచ్చుకుంటే ప్రభుత్వానికేం పని అని అడిగారు. చాలా పని ఉంది. మా పక్క ఫ్లాట్ యజమాని దాన్ని రోజుల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టాక నాకు ఈ విషయంలో అనుమానమే లేకుండా పోయింది.

ఒకసారి అర్ధరాత్రి దాటాక మా తలుపు దగ్గర చప్పుడైంది. ఎవరో తాళంచెవి పెట్టి తిప్పుతున్నారు. తిరగకపోతే తీసి మళ్లీ పెడుతున్నారు. నేను లేచి వచ్చేసరికి అమ్మ హాల్లో గోడకు ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తలుపు కన్నంలోంచి చూస్తే భార్యాభర్తలు, పెద్ద పెద్ద సూట్‌కేసులు, తండ్రి భుజం మీద నిద్రపోతున్న పాప. ఫ్లాట్ నంబరు తప్పుగా పంపారు వాళ్లకి. పాపం, మాకంటే వాళ్లే ఎక్కువ భయపడ్డారు. యజమానికి వాళ్లు ఫోన్ చేశారు, నేనూ చేశాను. మోగుతుందే తప్ప ఎత్తేవాళ్లు లేరు. ఆయన ఉండేది వేరే ఊళ్లో. పొద్దున తీరిగ్గా మెసేజ్ పెట్టాడు, 'సెట్ అయిపోయింది కదా' అని. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ పడుకునే ముందు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టేది.

బుకింగ్ సైట్‌కి ఫిర్యాదు చేద్దామని చూస్తే ముందు బుకింగ్ నంబరు ఇమ్మంది. నేను పక్కింటివాణ్ణి, నాకు బుకింగ్ నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సైట్‌లో గెస్టులు యజమానికి రేటింగ్ ఇస్తారు, యజమాని గెస్టులకు ఇస్తాడు. గోడకి ఇవతల నిద్ర పాడైనవాడు మాత్రం ఎవరి లెక్కలోనూ లేడు.  

హోటల్ పెట్టాలంటే లైసెన్సు, ఫైర్ సేఫ్టీ, రాత్రంతా కౌంటర్లో ఒక మనిషి, ఇవన్నీ ఉండాలి. అదే వ్యాపారం ఫ్లాట్లో చేస్తే ఏవీ అక్కర్లేదనడం ఏ రకం న్యాయం?

చాలా చోట్ల ఏడాదికి ఇన్ని రాత్రులే ఇవ్వాలని హద్దు పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎక్కువ ప్రాంతాల్లో 30, లండన్‌లో 90, జపాన్‌లో 180. వినడానికి బాగానే ఉంది గానీ ఆ రాత్రులు లెక్కపెట్టేదెవరు? ఇన్‌స్పెక్టర్ వచ్చి తలుపు కొడితే 'మా బంధువులండీ' అంటారు, అంతే. అసలు లెక్క ఉండేది సైట్ల దగ్గర. యూరోపియన్ యూనియన్ 2024లో చేసిన నిబంధన పట్టుకున్నది సరిగ్గా దాన్నే. సైట్లు బుకింగ్ వివరాలు ప్రభుత్వాలకు పంపాలి, 2026 మే నుంచి అమలు. న్యూయార్క్ 2023 సెప్టెంబరు నుంచి ఇంకా గట్టిగా బిగించింది. 30 రోజులలోపు బసకైతే యజమాని నగరంలో రిజిస్టర్ చేసుకోవాలి, గెస్టులున్నప్పుడు తనూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి గెస్టులు ఉండకూడదు. రిజిస్ట్రేషన్ లేని ఇంటికి సైట్ బుకింగే తీసుకోకూడదు. యజమాని ఇంట్లో ఉంటే మా తలుపు దగ్గర ఆ రాత్రి జరిగింది జరిగే అవకాశమే లేదు.

బార్సిలోనాలాగా 10,101 టూరిస్ట్ ఫ్లాట్ల లైసెన్సులనూ 2028 కల్లా పూర్తిగా ఎత్తేస్తామనడం నాకు నచ్చదు. సెలవులకి ఊరెళ్తూ తన ఇల్లు నాలుగు రోజులు ఇచ్చుకుని లోన్ కట్టుకునేవాడు కూడా ఉంటాడు. వాడి పొట్ట కొట్టక్కర్లేదు. ఇళ్లు ఇలా టూరిస్టులకు ఇవ్వడం వల్ల నగరాల్లో అద్దెలు పెరుగుతున్నాయా లేదా అని పెద్దవాళ్లు వాదించుకుంటారు. పెరుగుతాయనే నా నమ్మకం, ఉండడానికి ఇళ్లు తగ్గితే అద్దె పెరక్క ఏమవుతుంది? కానీ నాకు అది రెండో విషయం.

నాకు అన్నిటికంటే నచ్చింది స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో తెచ్చిన రూలు. అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా కొత్తగా టూరిస్టులకు ఇవ్వాలంటే మిగతా యజమానుల ఆమోదం కావాలి, ఐదింట మూడు వంతుల మెజారిటీతో. అప్పటికే చట్టప్రకారం నడుస్తున్న వాటికి మాత్రం ఇది వర్తించదు. ఆ మినహాయింపు కూడా తీసేయాలి. అదే అంతస్తులో ఉండేవాళ్ల ఓటుకి ఎక్కువ విలువ ఇవ్వాలి. యజమాని ఫోన్ ఎత్తకపోతే రాత్రిపూట వచ్చి చూసుకునే మనిషి పేరు, నంబరు ఆ ఫ్లాట్ తలుపు మీదే రాసి ఉండాలి.